అమెరికాకు అతిథులుగా వచ్చిన ఫుట్‌బాల్ జట్లు

సాయంకాలము పాఠశాల విడిచిన పిమ్మట మైదానమున ఆడుకొను పిల్లలను చూచినచో, వారిలో కొందరి చొక్కాలపై మాంచెస్టరు, మాడ్రిడ్, బార్సెలోనా మొదలగు దూరదేశపు క్లబ్బుల గుర్తులు కానవచ్చును. ఆ ఊళ్ళను వారు చూడలేదు. ఆ భాషలను వారు నేర్వలేదు. అయినను ఆ జట్లు గెలిచిన పొంగుదురు, ఓడిన క్రుంగుదురు. అర్ధరాత్రి మేల్కొని ఆట చూచెదమని తల్లిదండ్రులతో పేచీ పెట్టుకొందురు. ఇది మన పిల్లలకు మాత్రమే పట్టిన వెర్రి కాదు. ధనమునకును క్రీడలకును కొదువ లేని అమెరికా దేశమున సైతము ఈ పరదేశపు జట్లను చూచుటకు లక్షమంది ఒక్కచోట కూడిన దినములు కలవు. ఆ జనము ఎందులకు కూడుదురు? అతిథులు తిరిగి పోయిన పిమ్మట ఆ గడ్డమీద ఏమి మిగులును? ఈ రెండు ప్రశ్నలను గూర్చి తల్లిదండ్రులకు కొంత విన్నవింపవలెనని మా కోరిక.

2014 ఆగస్టు 2వ తేదీన మిచిగన్ రాష్ట్రమందలి ఆన్ ఆర్బర్ పట్టణమున ఇంగ్లండుకు చెందిన మాంచెస్టర్ యునైటెడ్ జట్టును, స్పెయినుకు చెందిన రియల్ మాడ్రిడ్ జట్టును తలపడినవి. ఆ పట్టణపు జనాభాయే రమారమి లక్షా ఇరువది వేలు. అచ్చటి విశ్వవిద్యాలయ స్టేడియములో నాడు కూడిన ప్రేక్షకులు 1,09,318 మంది. అమెరికాలో ఈ ఆటను చూచుటకు అంతమంది ఒక్కచోట చేరుట అంతకు ముందెన్నడును లేదు. మాంచెస్టర్ జట్టు 3–1 తేడాతో గెలిచినది. విచిత్రమేమనగా, ఆ గెలుపు వలన ఏ లీగు పట్టికలోను ఒక్క పాయింటైనను చేరలేదు. అది వేసవి సన్నాహమునకై ఆడిన ఆట. ఇరువురు అతిథులు పరాయి ముంగిట ఆడుకొనుచుండగా ఆ ఇంటివారు లక్షమంది టిక్కెట్లు కొని చూచిరన్నమాట.

ఇచ్చట ఒక్క మాట చెప్పవలసియున్నది. అమెరికా దేశస్థులు ఫుట్‌బాల్ అనునది వేరొక ఆట. అందు కోడిగ్రుడ్డు వంటి బంతిని చేతబట్టి పరుగెత్తుదురు. మనము ఫుట్‌బాల్ అను ఆటను వారు సాకర్ అందురు. ఈ పేరు అమెరికాలో పుట్టినది కాదు. అసోసియేషన్ అను మాటను ఇంగ్లండు విద్యార్థులు ముద్దుగా కుదించుకొనగా ఏర్పడినది. ఆట వలెనే పేరు కూడ ఓడనెక్కి అమెరికా చేరినది.

తొలి అతిథులు

ఇంగ్లండు నుండి పిల్‌గ్రిమ్స్ అను జట్టు 1905లోను, కొరింథియన్స్ అను జట్టు 1906లోను అమెరికాకు వెళ్ళినవి. వీరు జీతమునకు ఆడువారు కారు. ఆటయందలి మక్కువచే ఆడినవారు. తమ ఆటను క్రొత్త దేశమునకు రుచి చూపవలెనని వారి ఆశయము.

వారి తరువాత వచ్చిన అతిథులలో 1922 నాటి డిక్ కెర్ స్త్రీల జట్టును మరువరాదు. ఇంగ్లండులోని ప్రెస్టన్ పట్టణమున మొదటి ప్రపంచయుద్ధ కాలములో కర్మాగారమున పనిచేసిన ఆడపిల్లలు కూర్చుకొన్న జట్టు అది. వారి ఆటను చూచుటకు స్వదేశమున వేలాది జనులు వచ్చుచుండగా, 1921 డిసెంబరులో అచ్చటి ఫుట్‌బాల్ సంఘము ఈ ఆట స్త్రీలకు తగదని చెప్పి తన సభ్య క్లబ్బుల మైదానములను వారికి నిషేధించెను. మరుసటి ఏట వారు సముద్రము దాటిరి. కెనడాలో ఆడుటకు అనుమతి దొరకలేదు. అమెరికాలో వారితో తలపడుటకు స్త్రీల జట్లు లేకుండెను. పురుషుల జట్లతోనే ఆడి, వానిలో కొన్నిటిని ఓడించి ఇంటికి మరలిరి. ఇంటివారు గెంటివేసిన ఆడపిల్లలకు పరాయివారు మైదానమిచ్చిరి. కాని వారు వెళ్ళిపోగానే అమెరికా స్త్రీలు ఈ ఆటను చేపట్టిరని తలంపరాదు. అది జరుగుటకు అర్ధశతాబ్దము పట్టినది. జరిగిన తీరును ముందు చెప్పెదము.

హకోవా కథ

అతిథి జట్ల చరిత్రలో మా మనస్సును మిక్కిలి కదలించినది వియన్నా నగరపు హకోవా క్లబ్బు కథ. హీబ్రూ భాషలో హకోవా అనగా బలము. ఆ నగరమున యూదులు అల్పసంఖ్యాకులు. క్రీడాసంఘములు కొన్ని వారిని చేర్చుకొనకుండెను. అందుచేత వారు 1909లో తమకు తామే ఒక సంఘమును స్థాపించుకొనిరి. ఈత, కుస్తీ, కత్తిసాము, ఫుట్‌బాల్ మొదలగు పెక్కు విద్యలను తమ పిల్లలకు అందు నేర్పిరి. వారి ఫుట్‌బాల్ జట్టు 1923లో లండను నగరమునకు వెళ్ళి వెస్ట్ హామ్ జట్టును 5–0తో ఓడించినది. 1925లో ఆస్ట్రియా దేశపు విజేతగా నిలిచినది. ఆ ఏటి ఒక ముఖ్యమైన ఆటలో గోలు కాచువాని చేయి విరిగినది. ఆ రోజులలో బదులు ఆటగానిని దింపు వీలులేదు. అతడు చేతికి కట్టు కట్టించుకొని, గోలు విడిచి ముందు వరుసకు వచ్చి, గెలుపు గోలు తానే కొట్టెనని ప్రసిద్ధి.

ఈ జట్టు 1926లో అమెరికాకు వెళ్ళినది. ఆ సంవత్సరము మే 1వ తేదీన న్యూయార్కు నగరమందలి పోలో గ్రౌండ్స్ అను మైదానమున వారి ఆటను చూచుటకు 46,000 మంది కూడిరి. దాదాపు అర్ధశతాబ్దము వరకు ఆ దేశమున క్లబ్బుల ఆటకు అంత జనము మరల రాలేదు. వచ్చినవారిలో అనేకులు ఐరోపా నుండి వలసవచ్చి కుట్టుపని, చిల్లర వర్తకము చేసుకొని బ్రదుకుచున్న యూదులు. తమవంటి వారు తలయెత్తుకొని, రొమ్మున తమ గుర్తును ధరించి, పదిమంది ఎదుట ఆడుటను చూచుటకు వారు వచ్చిరి. పుట్టిన నేలకు దూరమై తరతరములుగా వేరొక చోట నిలిచినవారికి ఈ ఆరాటమెట్టిదో మేము వివరింపనక్కరలేదు.

ఆ క్రీడాకారులు అమెరికాలో రెండు సంగతులు గమనించిరి. ఒకటి, అచ్చటి క్లబ్బులు మంచి జీతములిచ్చుచున్నవి. రెండవది, స్వదేశమున ప్రతి ఆటలోను తమ చెవిని బడు దూషణము అచ్చట అంతగా వినబడుట లేదు. ఆ ఏడును, మరుసటి ఏడు రెండవ పర్యటనమునందును పలువురు తిరిగి పోక న్యూయార్కులోనే నిలిచిపోయిరి. వారిలో కొందరు కూడిన న్యూయార్కు హకోవా జట్టు 1929లో అమెరికా జాతీయ కప్పును గెలిచినది. వియన్నాలోని తల్లిక్లబ్బు మాత్రము మేటి ఆటగాండ్రను పోగొట్టుకొని చిక్కిపోయి, మరల దేశవిజేత కాలేకపోయినది. చప్పట్లు కొట్టి పంపిన పర్యటనమే క్లబ్బు నడుము విరిచినదని నాడు పలువురు నిట్టూర్చియుందురు.

కాని కాలము వేరొక లెక్క చూపినది. 1938లో హిట్లరు ఆస్ట్రియాను ఆక్రమించెను. హకోవా క్లబ్బు రద్దయ్యెను. దాని మైదానము అపహరింపబడెను. ఆ ఏడు అది ఆడిన ఆటల ఫలితములను సైతము పట్టికల నుండి కొట్టివేసిరి. ఆ క్లబ్బున ఆడినవారిలో కొందరు నాజీల చేతిలో ప్రాణములు కోల్పోయిరి. ఆటకై అమెరికా వెళ్ళి అచ్చట స్థిరపడినవారికి ఆ వేసవి పయనము ప్రాణరక్షణ అయ్యెను. నాటి జట్టులోని బేలా గుట్‌మన్ అనునతడు కొన్ని ఏండ్లు అమెరికాలో ఆడి ఐరోపాకు మరలి, ఆ ఘోరకాలమును తప్పించుకొని, తదుపరి శిక్షకుడై పోర్చుగల్ దేశపు బెన్‌ఫికా జట్టును 1961, 1962 సంవత్సరములలో ఐరోపా విజేతగా నిలిపెను. యుద్ధానంతరము 1945లో హకోవా సంఘము వియన్నాలో మరల వెలసినది. 2008లో ఆ నగరముననే దానికి క్రొత్త క్రీడాస్థలము ఏర్పడినది. గొప్ప జనసమూహము ఒక్క సాయంకాలమునకు వచ్చి పోయినది. తమ పిల్లలకై పెద్దలు పెట్టుకొన్న సంఘము మాత్రము చచ్చియు బ్రదికినది.

ఊరి పేరు పెట్టిన పరదేశులు

రెండవ ప్రపంచయుద్ధము ముగిసిన మరుసటి ఏడు, 1946లో, లివర్‌పూల్ జట్టు అమెరికాకు పయనమయ్యెను. ఆ కాలమున ఇంగ్లండులో మాంసము, గ్రుడ్లు, వెన్న అన్నియు రేషను మీదనే దొరకుచుండెను. అమెరికాలో ఆటగాండ్రు కడుపార తిని, పాలు త్రాగి, ఒడలు పెంచుకొని ఇంటికి చేరిరి. ఆ వెనువెంటనే జరిగిన లీగులో 1947లో విజేతలైరి. ఆ గెలుపులో అమెరికా భోజనమునకును పాలు కలదని ఆ క్లబ్బు చరిత్రను చెప్పువారు నేటికిని చెప్పుకొందురు. అతిథులు వినోదమును ఇచ్చి పోవుటయే గాక, పుష్టిని తీసికొని పోవుటయు కలదని దీనివలన తెలియును.

1960 మొదలు 1965 వరకు వేసవులలో ఐరోపా, దక్షిణ అమెరికా ఖండముల జట్లను న్యూయార్కుకు పిలిపించి ఒక అంతర్జాతీయ లీగు నడిపిరి. మొదటి ఏడు బ్రెజిల్ దేశపు బంగూ జట్టు గెలిచినది. 1966 సెప్టెంబరులో పెలే ఆడుచున్న సాంటోస్ జట్టు యాంకీ స్టేడియములో ఇటలీ దేశపు ఇంటర్ మిలాన్ జట్టును ఓడింపగా చూచుటకు నలువది వేలకు పైగా జనులు వచ్చిరి. ఈ జనమును చూచి ధనవంతులకు ఆశ పుట్టినది. అతిథులకే ఇంత గిరాకీ యున్నప్పుడు వారినే మన ఊరివారని చెప్పి ఆడించిన ఏమి అని తలచిరి.

1967లో ఆ ప్రయోగము జరిగినది. పన్నెండు పరదేశపు క్లబ్బులను సాంతముగా రప్పించి ఒక్కొక్క నగరపు పేరు తగిలించిరి. ఇంగ్లండు దేశపు వుల్వర్‌హాంప్టన్ జట్టు లాస్ ఏంజెలిస్ వుల్వ్స్ ఆయెను. స్కాట్లండు దేశపు అబర్డీన్ జట్టు వాషింగ్టన్ విప్స్ ఆయెను. స్టోక్ సిటీ జట్టు క్లీవ్‌లండ్ పేర ఆడినది. జూలై 14న లాస్ ఏంజెలిస్‌లో జరిగిన తుది ఆట మహోత్సాహకరమై 6–5తో లాస్ ఏంజెలిస్ వశమైనది. అయినను సుమారు తొంబది వేలమంది పట్టు ఆ స్టేడియమునకు వచ్చినవారు 17,842 మందియే. కారణము తెలియనిది కాదు. అతిథిని అతిథిగా చూచుటకు జనము వచ్చును. అతిథికి ఇంటిపేరు పెట్టి మనవాడని చెప్పినచో నమ్మదు.

ఆ పిమ్మట 1968లో ఏర్పడిన ఉత్తర అమెరికా సాకర్ లీగు వేరొక మార్గము త్రొక్కెను. జట్లకు బదులు మేటి ఆటగాండ్రను కొని తెచ్చెను. 1975లో పెలే న్యూయార్కు కాస్మోస్ జట్టున చేరెను. 1977 ఆగస్టు 14న ఆ జట్టు ఆటకు 77,691 మంది వచ్చిరి. అదే ఏడు అక్టోబరు 1న పెలే వీడ్కోలు ఆట జరిగినది. సాంటోస్ జట్టే అతిథిగా వచ్చినది. పెలే ఒక సగము కాస్మోస్ పక్షమునను, రెండవ సగము తన పాత జట్టు పక్షమునను ఆడెను. ఉత్సాహము మిన్నంటినది. లీగు 24 జట్లకు పెరిగినది. కాని పునాదికి మించిన మేడ నిలువదు. ఖర్చు రాబడిని మించెను. ఒక్కొక్క జట్టే మూతపడెను. 1984తో ఆ లీగు అంతరించెను.

బడిలో వేసిన విత్తు

ఇది యిట్లుండగా, పత్రికల దృష్టికి అంతగా రాని మార్పొకటి పాఠశాలలలో జరుగుచుండెను. 1972లో అమెరికా ప్రభుత్వము ఒక చట్టము చేసెను. ప్రభుత్వధనము పొందు విద్యాలయములలో బాలబాలికల నడుమ భేదము చూపరాదని దాని సారాంశము. క్రీడలకును ఇది వర్తించెను. బాలికలకు జట్లు కూర్పవలసి వచ్చినపుడు విద్యాలయములు ఫుట్‌బాల్‌ను మెచ్చినవి. ఒక బంతి, ఒక మైదానము ఉన్న చాలును. ఇరువదిమంది పిల్లలు ఒకేసారి ఆడవచ్చును. ఆ విత్తు మొలకెత్తి చెట్టైనది. 1991, 1999, 2015, 2019 సంవత్సరములలో అమెరికా స్త్రీల జట్టు ప్రపంచ కప్పు గెలిచినది. 1999లో కాలిఫోర్నియాలోని రోజ్ బౌల్ స్టేడియమున జరిగిన తుది ఆటకు 90,185 మంది వచ్చిరి. వారు అతిథులను చూచుటకు వచ్చినవారు కారు. తమ ఇంటి ఆడపిల్లల ఆటను చూచుటకు వచ్చినవారు. డిక్ కెర్ యువతులకు 1922లో ఎదురుజట్టు దొరకని దేశముననే ఇది జరిగినది.

పురుషుల ఆటకును ఇట్టి పునాది మెల్లగా పడినది. 1994లో ప్రపంచ కప్పు అమెరికాలో జరిగినపుడు 52 ఆటలకు 35,87,538 మంది హాజరైరి. ఆ పోటీ నిచ్చునపుడే స్వదేశీయ లీగొకటి నెలకొల్పవలెనని నియమము పెట్టిరి. అట్లు 1996లో పది జట్లతో మొదలైన లీగు 2025 నాటికి ముప్పది జట్లకు చేరినది. 1999లో కొలంబస్ నగరమున ఈ ఆటకే ప్రత్యేకించి స్టేడియము కట్టిరి. లక్షమంది పట్టు పరాయి స్టేడియములో కొలదిమంది చెల్లాచెదరుగా కూర్చుండుటకంటె, ఇరువది వేలమంది పట్టు సొంత స్టేడియము నిండుట మేలని ఆ నిర్వాహకులు పూర్వపు నష్టముల వలన నేర్చుకొనిరి.

నేటి పర్యటనముల లోగుట్టు

మరి నేటికిని అతిథి జట్లు ఏల వచ్చుచున్నవి? ఐరోపా లీగులు ఆగస్టు మొదలు మే వరకు నడచును. జూలైలో ఆటగాండ్రు మరల ఒళ్ళు వంచి సాధన చేయవలెను. ఊరకే సాధన చేయుటకంటె ఆడి ధనము గడించుట క్లబ్బులకు లాభము. అమెరికాలో వారి ఫుట్‌బాల్ సెప్టెంబరులో గాని పుంజుకొనదు గనుక, మహా స్టేడియములు జూలైలో ఖాళీగా నుండును. కొన్నిట కృత్రిమ పచ్చిక పరచియుండును. అట్టిచోట వేరుగా పెంచిన సహజమైన పచ్చికను చాపలవలె చుట్టి తెచ్చి, పైన పరచి, తడిపి, ఆట ముగియగనే తీసివేయుదురు. ఒక్క పూట ఆటకు ఒక పచ్చికబయలే అతిథిగా వచ్చి పోవుననవచ్చును.

ఈ పద్ధతిలో 2009లో బార్సెలోనా జట్టును చూచుటకు రోజ్ బౌల్‌లో 93,137 మంది కూడిరి. 2013 నుండి 2019 వరకు ఇట్టి ఆటలను ఒక కప్పు పోటీగా కూర్చి నడిపిరి. ఆన్ ఆర్బర్ నాటి ఆటయు అందులోనిదే. 2018లో అదే స్టేడియమున లివర్‌పూల్, మాంచెస్టర్ జట్ల ఆటకు 1,01,254 మంది వచ్చిరి. అయితే ఇవి సన్నాహపు ఆటలగుటచే, పేరుమోసిన ఆటగాడు సగము సేపు ఆడి ప్రక్కకు తప్పుకొనవచ్చును. అసలు దిగకయు పోవచ్చును. టిక్కెట్టు వెల మాత్రము తగ్గదు.

ఇటీవల కొందరు ఇంకొక అడుగు ముందుకు వేసి, సన్నాహపు ఆటలేల, అసలు లీగు ఆటనే అమెరికాకు తరలింతమనిరి. 2019 జనవరిలో హిరోనా, బార్సెలోనా జట్ల లీగు ఆటను మయామీలో జరుపదలచి మానుకొనిరి. 2025 డిసెంబరునకు వియ్యారియల్, బార్సెలోనా జట్ల ఆటను మరల అచ్చటనే నిశ్చయించిరి. స్పెయినులో నిరసన రేగినది. ఆట మొదలుపెట్టు ఈల మ్రోగిన పిమ్మట ఆటగాండ్రు 15 సెకనులు కదలక నిలిచి తమ అసమ్మతిని తెలిపిరి. అక్టోబరులో ఆ యేర్పాటు రద్దయ్యెను. వియ్యారియల్ ఒక చిన్న ఊరు. ఏడాదికొకసారి బార్సెలోనా తమ ఊరికి వచ్చుటయే అచ్చటివారికి పండుగ. ఆ పండుగను సముద్రము దాటింపబూనుట న్యాయమా అని పలువురడిగిరి. అతిథిగా పోవుట వేరు, ఇంటి పొయ్యిని ఎత్తుకొని పోవుట వేరు.

మన హైదరాబాదు మాట

ఈ సందర్భమున మన హైదరాబాదును తలంపక పోరాదు. పెలే వీడ్కోలు ఆటకు వారము ముందే, 1977 సెప్టెంబరు 24న, కాస్మోస్ జట్టు కలకత్తాకు వచ్చి మోహన్ బగాన్‌తో 2–2గా ఆడినది. ఆ నగరము ఊగిపోయినది. కాని భారతదేశపు ఫుట్‌బాల్‌కు మేలి దినములు అంతకు ముందే వచ్చి పోయినవి; వానిని తెచ్చినది ఏ అతిథియు కాదు. హైదరాబాదుకు చెందిన సయ్యద్ అబ్దుల్ రహీమ్ అను ఒక ఉపాధ్యాయుడు. ఆయన తీర్చిదిద్దిన హైదరాబాదు సిటీ పోలీసు జట్టు బొంబాయిలో రోవర్స్ కప్పును 1950 నుండి 1954 వరకు వరుసగా ఐదుమార్లు గెలిచినది. ఆయన శిక్షణలో మన దేశపు జట్టు 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్ క్రీడలలో నాలుగవ స్థానము పొందినది. 1962 జకార్తా ఆసియా క్రీడలలో స్వర్ణపతకము గెలిచినది. 1963లో ఆయన కాలధర్మము చెందిరి. ఆ వెనుక ఆ స్థాయిని మనము మరల అందుకొనలేకపోతిమి. ఒక గురువు నాటిన చెట్టుకు తరువాతివారు నీరు పోయనిచో ఏమగునో ఇందువలన గ్రహింపవచ్చును.

కావున తల్లిదండ్రులకు మా మనవి ఇది. పిల్లవాడు పరదేశపు క్లబ్బు చొక్కా తొడిగినాడని కోపింపవలదు. అతిథిని ఆదరించుట మంచిదే. న్యూయార్కు యూదులు హకోవాను ఆదరించిరి, ఆ ఆదరము కొన్ని ప్రాణములను సైతము కాచినది. కాని అర్ధరాత్రి ఆట చూచుటకు అనుమతి అడిగినపుడు, రేపు సాయంకాలము ఎవరితో ఆడెదవని వానిని ఒకమారు అడుగుడు. అమ్మాయి యున్నచో ఆమెను కూడ అడుగుడు. ఒక బంతి కొనియిండు. ఆదివారము ఒక గంట మైదానపు గట్టున కూర్చుండి వారి ఆట చూడుడు. ఆ ఆటకు లక్షమంది రారు. తల్లియో తండ్రియో ఒకరు వచ్చిన చాలును. చొక్కామీద ఏ ఊరి పేరున్నను, వారి కాళ్ళ క్రింద నున్నది మన ఊరి నేలయే కదా.